‘ఎవరి తాలూకు?’ అని అడగకుండా ఫిర్యాదు తీసుకోవడం

ముప్పై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పాను. చివరి పదకొండేళ్ళు పాఠాలతో పాటు ఫిర్యాదుల విభాగానికి కన్వీనర్‌గా కూడా ఉన్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్ళు మా కాలేజీలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఏటా పైకి పంపే నివేదికలో ‘నిల్’ అని రాసి, కింద సంతకం పెట్టి, ఆ సంతకం కింద ఒక గీత కూడా గీసేవాణ్ణి. ఆ గీత గర్వంతో గీసింది.

ఒక ఏడాది ఆ నివేదిక పంపించి ఇంటికొచ్చి, “ఇంతమంది పిల్లలున్న కాలేజీలో ఒక్క ఫిర్యాదు లేదంటే మాటలా?” అన్నాను మా ఆవిడతో.

ఆవిడ బీరకాయ చెక్కు తీస్తోంది. తల ఎత్తలేదు. “మనింట్లో మాత్రం ఉన్నాయేంటండీ? చెప్పినా వినరని నేను మానేసి చాలా ఏళ్ళయింది” అంది.

నేను నవ్వేశాను. అది జోకనుకున్నాను. ఆ మాట అర్థం కావడానికి ఓ ఆడపిల్ల చదువు పోయేంత పనయింది. ఎలా పోబోయిందో, ఎలా నిలబడిందో రాస్తాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, చేరిన నెలలోనే ఏదో ఒక కమిటీలో పేరు పడ్డ కుర్ర లెక్చరర్లు చదివితే నాకు తృప్తి. చదువుకుంటున్న పిల్లలు చదివితే ఇంకా తృప్తి.

పెట్టె, అందులో నివాసం ఉన్నవాళ్ళు

మా విభాగాన్ని గ్రీవెన్స్ సెల్ అనేవాళ్ళు. సెల్ అనగానే పిల్లలకి ఫోను గుర్తొస్తుంది, బోటనీ వాణ్ణి కాబట్టి నాకు కణం గుర్తొస్తుంది. మొక్కల కణానికి ప్రత్యేకంగా ఒక గోడ ఉంటుందని ఏటా పాఠం చెప్పేవాణ్ణి. మా సెల్‌కి గోడ తప్ప ఇంకేమీ లేదు. ఆ గోడకి ఒక పెట్టె ఉండేది.

ఆ పెట్టె ప్రిన్సిపాల్ గారి గది గుమ్మం పక్కన. ఎదురుగా అటెండర్లు కూర్చునే బెంచీ. పైన కెమెరా. అందులో ఒక కాగితం వేయాలంటే ఇద్దరు అటెండర్ల ముందూ, ఒక కెమెరా ముందూ, అదృష్టం బాగోకపోతే ప్రిన్సిపాల్ గారి ముందూ వేయాలి. తాళంచెవి ఆఫీసు సూపరింటెండెంట్ దగ్గర ఉండేది. ఆయన రిటైరై పాలకొల్లు వెళ్ళిపోయినప్పుడు చెవి కూడా ఆయనతో పాటే వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు రెండేళ్ళ తరవాత తెలిసింది.

చివరికి తాళం పగలగొట్టించాం. లోపల రెండు చాక్లెట్ కాగితాలు, ఎవరిదో గడువు తీరిన బస్‌పాసు, ఒక కందిరీగల గూడు ఉన్నాయి. గూడులో కుటుంబం అంతా ఇంట్లోనే ఉంది. నా బుగ్గ వారం రోజులు వాచిపోయింది. ఆ ఏడాది కూడా నివేదికలో నిల్ అనే రాశాను.

ఇరవై నిమిషాల పరామర్శ

ఆ అమ్మాయిని వేణి అందాం. అసలు పేరు అది కాదు. బీయస్సీ రెండో సంవత్సరం. సముద్రం ఒడ్డు ఊరి నుంచి గంటన్నర బస్సులో వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, “సార్, కెమిస్ట్రీ ల్యాబ్ గురించి ఒకటి చెప్పాలండి” అంది.

తొమ్మిదేళ్ళలో నా దగ్గరికి వచ్చిన మొదటి ఫిర్యాదు అది. నేను ఎంత ఆదరంగా తీసుకున్నానో చూడండి.

“రామ్మా, కూర్చో. ఏ ఊరు మనది?”

చెప్పింది.

“అలాగా! ఎవరి తాలూకు? నాన్నగారేం చేస్తారు?”

“వేటకెళ్తారండి. అమ్మ చేపలమ్ముద్దండి.”

“మీ ఊళ్ళో నా పాత శిష్యుడొకడున్నాడు. పెద్ద బోట్లున్నాయి, ఇప్పుడు ఊరికి పెద్దమనిషి కూడానూ. తెలుసా?”

“తెలుసండి” అంది. ముఖం కొంచెం మారింది. నేను దాన్ని సంతోషం అనుకున్నాను.

మా గోదావరి జిల్లాల్లో ఇవి ప్రశ్నల కిందికి రావు, మర్యాద కిందికి వస్తాయి. ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు కొన్నా, అమ్మే ఆవిడ ముందు ఊరు అడుగుతుంది, ఆ ఊళ్ళో తన ఆడపడుచు ఇల్లు ఎక్కడో చెబుతుంది, ఆ తరవాతే పొట్లం కడుతుంది. ఊరూ పేరూ అడక్కుండా పని చూడటం మాకు మొరటుతనం. అందుకని ఇరవై నిమిషాలు మర్యాద చేశాను. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు ఆ అమ్మాయికి మాట్లాడే సందు దొరికింది.

“గోపాలం సార్ నా రికార్డు మీద సంతకానికి తిప్పుకుంటున్నారండి. అందరూ వెళ్ళిపోయాక ఒక్కదాన్నే రమ్మంటున్నారండి. ఫోన్లో కూడా ఏవో... మెసేజులు...”

గంట కొట్టారు. నాకు క్లాసుంది. లేస్తూ, “నే చూసుకుంటాగా, దిగులు పెట్టుకోకు” అన్నాను. నేను చూసుకున్న తీరు తరవాత రాస్తున్నాను.

ఒకే పూటలో రెండు తప్పులు

గోపాలం గారు (ఇదీ మార్చిన పేరే) కెమిస్ట్రీ ల్యాబ్‌కి ఇన్‌ఛార్జి. ఆయన సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఆయనా నేనూ పద్దెనిమిదేళ్ళు ఒకే బల్ల మీద కారియర్లు విప్పుకున్నవాళ్ళం. ఆవకాయ ఆయనది, పెరుగు నాది. అలాంటి మనిషి గురించి కాగితం ఎలా పుట్టిస్తాం? క్యాంటీన్‌కి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించాను.

“ఏంటి గోపాలం గారూ, రికార్డు సంతకాల గురించి పిల్లలేదో అనుకుంటున్నారు. మీ చెవిన వేద్దామని.”

“ఎవరు మాస్టారూ?”

“అబ్బే, ఎవరో లెండి. సముద్రం సైడు నుంచి వచ్చే పిల్ల.”

పేరు చెప్పనందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ క్లాసులో ఆ సైడు నుంచి వచ్చేది ఆ అమ్మాయి ఒక్కతే.

అక్కడితో ఆగలేదు. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో ఉన్న నా పాత శిష్యుడికి ఫోన్ చేశాను. “మీ ఊరి పిల్లయ్యా, ల్యాబ్‌లో మాస్టారితో ఏదో ఇబ్బంది. కాస్త వాళ్ళింట్లో ధైర్యం చెప్పు” అన్నాను. అతను మంచివాడే. ధైర్యం చెప్పడానికి నలుగురిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళాడట.

ఒక్క కాగితం లేకుండా, ఒక్కరి మనసు నొప్పించకుండా సమస్య తీర్చేశానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జనాభా లెక్కలు

పది రోజుల తరవాత మా లైబ్రేరియన్ విజయలక్ష్మి గారు నన్ను పిలిచారు. ఆవిడ నాకంటే రెండేళ్ళు చిన్న, మాటలో ఇరవయ్యేళ్ళు పెద్ద. బల్ల మీద రెండు కెమిస్ట్రీ పుస్తకాలున్నాయి.

“వేణి వేరే పిల్లచేత పంపించిందండి. టీసీ తీసుకోవాలంటే ముందు లైబ్రరీ పుస్తకాలు అప్పజెప్పాలి కదా. ఎందుకు మానేస్తోందో మీకేమైనా తెలుసా?”

తెలుసన్నాను. నేను చేసిందంతా వరసగా, కొంచెం ఉత్సాహంగానే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మాస్టారూ, మీరు ఫిర్యాదు తీసుకోలేదండి. జనాభా లెక్కలు తీసుకున్నారు.”

“అదేంటండీ...”

“ఊరు రాసుకున్నారు, తండ్రి వృత్తి రాసుకున్నారు, బంధువర్గం రాసుకున్నారు. తరవాత ఆయనకి చెప్పొచ్చారు, వాళ్ళ ఊరికి చెప్పొచ్చారు. చెప్పాల్సిన చోట తప్ప అన్నిచోట్లా చెప్పారు.”

“చెప్పాల్సిన చోటు ఏదండీ?”

కన్వీనర్ని నేను. ఆ ప్రశ్న అడిగింది నేను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మార్కులు, బస్సులు, మంచినీళ్ళు, హాస్టల్ భోజనం లాంటివి నా విభాగానివి. ఆడపిల్లలతో, ఆడ ఉద్యోగులతో తప్పుగా ప్రవర్తించిన విషయాలకి విడిగా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ మహిళే అధ్యక్షురాలుగా ఉండాలి, బయటి నుంచి ఒక సభ్యురాలుండాలి. అక్కడ చెప్పింది అక్కడే ఉండాలి.

“మరి మన కాలేజీలో ఆ కమిటీకి అధ్యక్షురాలు ఎవరండీ?”

“నేనేనండి. మెట్ల దగ్గర బోర్డు మీద మూడేళ్ళుగా నా పేరుంది. రోజూ దాని కిందే కదా మీరు గొడుగు మడుస్తారు.”

నేను నా గొడుగు వైపు చూసుకున్నాను. ఆవిడే అన్నారు: “ప్రాక్టికల్స్ ఇంక మూడు వారాలు. రికార్డు లేకపోతే ఈ ఏడు పోతుంది. ఈ ఏడు పోతే ఆ ఇంట్లో ఇంకో ఏడు చదవనిస్తారా? రేపు శనివారం. మీరూ నేనూ వెళదాం.”

చేప చూడని మాస్టారు

రెండు బస్సులు మారి వెళ్ళాం. దారిలో విజయలక్ష్మి గారు నాకొక్కటే షరతు పెట్టారు: అక్కడ ఎవర్నీ ‘మీరు ఎవరి తాలూకు’ అని అడగకూడదు. గంటన్నర ప్రయాణంలో పక్క సీటాయన్ని కూడా అడగనివ్వలేదు. చాలా కష్టపడ్డాను.

వేణి తల్లి సత్తెమ్మ గారు అప్పుడే బజారు నుంచి వచ్చి ఖాళీ బుట్ట కడుగుతోంది. వేణి గుమ్మంలో నిలబడి ఉంది. మేనమామ అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సోమవారం నుంచి ఆ అమ్మాయిని రొయ్యల కంపెనీలో పనికి పంపడానికి మాటయిపోయిందని అప్పుడే తెలిసింది.

సత్తెమ్మ గారు నన్ను కూర్చోమనలేదు. “మా పిల్ల మీకు చెప్పింది. మీరు ఊరికి చెప్పేరు. ఇంతేగా మాస్టారూ జరిగింది?”

“ఇంతేనమ్మా. తప్పు నాదే.”

ఆ వ్యవహారం మొత్తంలో నేను పలికిన మొదటి పనికొచ్చే మాట అది. ఆవిడ బుట్ట బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“చేప మెత్తబడిపోయిందని ఒకాయన బజార్లో గొడవెట్టుకున్నాడనుకోండి. ఆయన నన్ను ఏ ఊరు నువ్వు, మీ ఆయనెవరు అని అడగడండి. చేప తిప్పి చూత్తాడు. మీరు చేప చూళ్ళేదు మాస్టారూ. మా ఇల్లు చూసేరు.”

ముప్పై రెండేళ్ళలో నాకు దొరికిన శిక్షణ అంతా కలిపి ఆ నాలుగు మాటలకి సాటిరాదు. కొత్తగా కమిటీల్లో చేరేవాళ్ళు వీలైతే ఇది రాసి బల్ల అద్దం కింద పెట్టుకోండి.

మేనమామ తల ఎత్తకుండానే, “చదివింది చాల్లే అక్కా. కాయితాలూ కమిటీలూ మనకెందుకు?” అన్నాడు.

“నువ్వాగరా” అని సత్తెమ్మ గారు విజయలక్ష్మి గారి వైపు తిరిగింది. “ఒకటి చెప్పండి మేడమ్ గారూ. కాయితం రాత్తే ఎవరి పేరు పోద్ది? నా పిల్లదా, ఆడిదా?”

విజయలక్ష్మి గారు ఆలోచించుకుని, “మీ పిల్ల పేరు కమిటీ దాటి బయటికి రాకూడదని రూలమ్మా. రూలు ఉంది కదా అని బయటికి రాదని నేను మాటివ్వలేను. ఇప్పటికే ఈయన వల్ల కొంత వచ్చింది. నా చేతిలో ఉన్నంతవరకు రానివ్వను. రాయకపోతే మాత్రం వచ్చే ఏడు ఇంకో పిల్ల ఆ గదిలోకి వెళ్తుంది, అది మాత్రం ఖాయంగా చెప్పగలను” అన్నారు.

సత్తెమ్మ గారు కూతురి వైపు చూసింది. “నీ ఇట్టమే. రాత్తానంటే నేను వద్దనను. మానేత్తానన్నా ఏమనను.”

వేణి గుమ్మం దిగి వచ్చింది. “రాస్తానండి. నాకు ముందు రికార్డు మీద సంతకం కావాలండి. ప్రాక్టికల్స్ వేరే సార్ చెయ్యాలి. ఆ తరవాత ఆయన్ని మీరేం చేసుకుంటారో చేసుకోండి.”

మేనమామ వల పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నాకప్పుడు మంచినీళ్ళిచ్చారు.

కాగితం ఎలా ఉండాలి

ఆ అమ్మాయి అక్కడే, ట్రంకుపెట్టె మీద నోటుపుస్తకం పెట్టుకుని రాసింది. నేను అలవాటు కొద్దీ “తమరి దివ్యసముఖమునకు” అని మొదలుపెట్టించబోయాను. విజయలక్ష్మి గారు నా వైపు ఒక్క చూపు చూశారు. నేను బయటికెళ్ళి సముద్రం చూశాను.

తిరిగొచ్చేసరికి కాగితం అయిపోయింది. ఒక పేజీ. ఏ రోజు, ఏ గదిలో, ఎన్ని గంటలకి, ఆయన అన్న మాట ఆయన అన్నట్టుగా, అప్పుడు తలుపు దగ్గర ఎవరున్నారు. ‘నీచుడు’ లాంటి మాట ఒక్కటీ లేదు. చివర తనకేం కావాలో రెండు వాక్యాలు. నా సర్వీసులో అంత శుభ్రమైన రికార్డు నేను చూడలేదు.

పిల్లలూ, మీరు రాయాల్సి వస్తే అలా రాయండి. జరిగింది రాయండి, మీ అభిప్రాయం తరవాత అడుగుతారు. ఫోన్లో వచ్చిన మెసేజులు అసహ్యంగా ఉన్నా చెరపకండి. ఫొటో తీసి నమ్మకమైన స్నేహితురాలికి ఒకటి పంపి ఉంచండి. ఇలాంటి విషయాల్లో జరిగిన మూడు నెలల లోపు రాయడం మంచిది. కారణముంటే గడువు పెంచుతారు గానీ, ఆ పెంచేదాకా తెచ్చుకోకండి. మీకు రాయడం రాకపోతే, చెయ్యి వణుకుతుంటే, రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. కాగితం ఇచ్చాక, అన్నిటికంటే ముఖ్యం, మీ కాపీ మీద నంబరు, తేదీ వేయించుకోండి. ‘చూద్దాంలే’ అనే మాటకి తేదీ ఉండదు.

ఉద్యోగులకీ ఇదే చెబుతాను. మా ల్యాబ్ అటెండరు ఒకాయన స్విచ్‌బోర్డు షాక్ కొడుతోందని ఏడాది పాటు కనిపించినవాళ్ళందరికీ నోటితో చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. ఒకరోజు విసుగొచ్చి అరఠావు కాగితం మీద తేదీ వేసి రాసిచ్చాడు. మర్నాడే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆ షాక్ ఏడాదిగా ఆయనకే కొట్టింది, కాగితం వచ్చాక అది ఆఫీసుకి తగిలింది.

కాఫీ తాగని అమ్మాయి

సోమవారం పొద్దున్న ఆఫీసులో ఫిర్యాదు అందినట్టు ముద్ర వేయడానికి గుమస్తా ఒప్పుకోలేదు. ప్రిన్సిపాల్ గారు చూడాలన్నాడు. విజయలక్ష్మి గారు వాదించలేదు. లైబ్రరీకి వెళ్ళి పుస్తకాల మీద వేసే తేదీ ముద్ర వేసి, కమిటీ రిజిస్టరులో ఒకటో నంబరు రాసి, వేణి కాపీ వేణికిచ్చేశారు. అందుకే మా కాలేజీలో నమోదైన మొదటి ఫిర్యాదు మీద ‘ఈ తేదీలోగా తిరిగి ఇవ్వవలెను’ అని ఉంటుంది.

ప్రిన్సిపాల్ గారు చెడ్డవారు కారు. ఆ మాట రాయకపోతే అన్యాయం. ఆయనకి భయం. వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు.

“విజయలక్ష్మి గారూ, ఆడపిల్ల విషయం. కాగితం మీదికెక్కితే దిగదండి. గోపాలం గారినీ ఆ అమ్మాయినీ ఇక్కడే కూర్చోబెట్టి, తలో కప్పు కాఫీ తాగించి, నాలుగు మాటలు మాట్లాడితే పోయేదానికి...”

“ఆ అమ్మాయి కాఫీ తాగదండి” అన్నారు విజయలక్ష్మి గారు.

ఆయన నా వైపు తిరిగారు. “మాస్టారూ, మీరైనా చెప్పండి. ఇన్నేళ్ళు ఒక్క కాగితం రానివ్వలేదు మీరు.”

అది పొగడ్త. ఇదివరకైతే జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. “సార్, బయటి సభ్యురాలికి వెళ్ళాల్సిన కాపీ పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళిపోయిందండి. పోస్టు చేసింది నేనే” అన్నాను. మాట గట్టిగానే వచ్చింది. జేబులోంచి పోస్టు రసీదు తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపారు. తరవాత పెన్ను తీశారు. విచారణ పూర్తయ్యేదాకా గోపాలం గారు ల్యాబ్‌కి, ప్రాక్టికల్స్‌కి దూరంగా ఉండాలని, రికార్డులు మరో లెక్చరర్ చూడాలని రాసి సంతకం పెట్టారు. పెట్టాక ఆయన ముఖంలోనూ ఏదో బరువు దిగింది. ఆయనకీ ఇలాంటి కాగితం ఒకటి ఎదురుగా ఉంటేనే గానీ ధైర్యం రాదేమోనని అప్పుడనిపించింది. నాకూ అంతే కదా.

వేణి మర్నాడే ల్యాబ్‌కి వచ్చింది. ప్రాక్టికల్స్ రోజు నేను ల్యాబ్ బయట బెంచీ మీద, నాకేం పనిలేకపోయినా కూర్చున్నాను. మూడు గంటల తరవాత చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఎలా చేశావమ్మా?”

“సాల్ట్ కనిపెట్టేశానండి. అమ్మోనియం క్లోరైడ్.”

“సముద్రం పక్కన పుట్టి ఉప్పు కనిపెట్టకపోతే ఎలా?”

నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం నేను చూడటం అదే మొదలు. హమ్మయ్య అనుకుని ఇంకో పావుగంట ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను, లేవాలనిపించలేదు. ఇప్పుడు తను రాజమండ్రిలో ఎమ్మెస్సీ చేస్తోంది.

నేను సాక్షిని

విచారణలో ఏం జరిగిందో రాయను. నేను ఆ కమిటీలో లేను. ఉన్నా రాయకూడదు. నేను చెప్పిన సాక్ష్యం నాది కాబట్టి అది మాత్రం రాస్తాను. బయటి సభ్యురాలు ఒక రిటైరైన లాయరు గారు. నా క్యాంటీన్ కాఫీ సంగతీ, ఫోను సంగతీ అంతా రాసుకుని, నెమ్మదిగా అడిగారు.

“మీరు ఆయనకి చెప్పకముందు ఆ అమ్మాయి రికార్డులో ఎన్ని ప్రయోగాల మీద సంతకాలున్నాయో తెలుసా అండీ?”

“తెలీదండి.”

“సగం దాకా ఉన్నాయి. మీరు చెప్పిన మర్నాటి నుంచి ఒక్కటీ లేదు.”

ఆవిడ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. మంచి ఉద్దేశంతో చేసిన పని ఎక్కడ దిగబడిందో తేదీలతో సహా చూపించారు. ఎదుటి మనిషికి ముందుగా తెలియజేయడం స్నేహధర్మం అనుకున్నాను. నేను చేసింది ఆయనకి తాళంచెవి ఇవ్వడం.

తీర్పు అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పొచ్చు. విచారణ సాగుతుండగా ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా రాసిచ్చారు. గోపాలం గారిని ఆ ఏడాదికి సస్పెండ్ చేశారు, తరవాత కూడా ల్యాబులకీ పరీక్షలకీ పంపకూడదన్నారు. ముగ్గురికీ విడివిడిగా రాతపూర్వకంగా క్షమాపణ చెప్పమన్నారు. ఈ శిక్ష చాలదని విజయలక్ష్మి గారి అభిప్రాయం. నాదీ అదే. కానీ ముగ్గురు పిల్లలూ పరీక్షలు రాశారు, ముగ్గురూ కాలేజీలోనే ఉన్నారు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయలేను.

క్షమాపణ

అప్పటికి నా బల్ల లైబ్రరీ వరండాలోకి మారింది. పెట్టె తీసేసి, వచ్చిన ప్రతి కాగితానికీ అప్పటికప్పుడే రసీదు ఇచ్చే ఏర్పాటు పెట్టుకున్నాం. గోపాలం గారి క్షమాపణ పత్రాలు కూడా నా బల్ల మీదుగానే కమిటీకి వెళ్ళాలి. సరిగ్గా లేకపోతే వెనక్కివ్వమని విజయలక్ష్మి గారు నాకు చెప్పారు.

మొదటిసారి వేణి కోసం పేజీన్నర తెచ్చారు. అందులో ఒక పేజీ ఆయన సేవల గురించి. చివర్లో, ‘ఒకవేళ నా మాటల వల్ల ఎవరికైనా బాధ కలిగి ఉంటే’ అని ఉంది.

“తీసేసుకోండి మాస్టారూ. మనలో మనకేంటి” అన్నారు, పద్దెనిమిదేళ్ళ ఆవకాయ గొంతుతో.

“ఒకవేళ కాదండి, కలిగింది. ఎవరికైనా కాదండి, ఆ అమ్మాయికి” అని వెనక్కిచ్చాను.

రెండోసారి, తన వాత్సల్యాన్ని ఆ అమ్మాయి అపార్థం చేసుకున్నందుకు చింతిస్తున్నానని రాశారు. “చింతించాల్సింది ఆవిడ అపార్థం గురించి కాదు కదండీ” అని వెనక్కిచ్చాను. మూడోసారి తప్పు ఫోనుది, దానంతటదే వెళ్ళిపోయిందన్నారు. “అయితే సంతకం ఫోనుచేత పెట్టించండి” అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో ఆవకాయ లేదు, కారం ఉంది.

నాలుగోసారి రెండే వాక్యాలు తెచ్చారు. ఏం చేశారో మొదటి దానిలో ఉంది. అది తప్పు, క్షమించమని అడుగుతున్నాను అని రెండో దానిలో ఉంది. రెండుసార్లు చదివాను. తీసివేయాల్సిన మాట ఒక్కటీ కనబడలేదు.

“ఇది తీసుకుంటానండి. కూర్చోండి, రసీదు ఇస్తాను.”

“రసీదు ఎందుకు మాస్టారూ, వెళ్తాను.”

“కాగితం ఇచ్చినవాళ్ళు రసీదు లేకుండా వెళ్ళకూడదండి. ఇక్కడ అందరికీ ఒకటే పద్ధతి.”

ఆయన బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నారు. క్లాసులు మారే వేళ. వరండా నిండా పిల్లలు. ఏ కాగితమో, ఎందుకో వాళ్ళకి తెలీదు, నేను చెప్పను. నమస్కారం సార్, నమస్కారం సార్ అంటూ ఇద్దరికీ చెప్పుకుంటూ పోతున్నారు. ఆయన ఒక్కొక్కరికీ తల వంచాల్సి వస్తోంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. పెన్ను రాయట్లేదని ఇంకోటి వెతికాను. ఎదురుగా క్యాలెండర్ వేలాడుతుంటే, “ఇవాళ తేదీ ఎంతండీ గోపాలం గారూ?” అని అడిగాను. చెప్పారు. రాసి, అక్షరం కుదరలేదని కొత్త రసీదు మొదలుపెట్టాను.

ఒక రసీదు రాయడానికి నాకు మామూలుగా ఒక్క నిమిషం పడుతుంది. ఆ రోజు పావుగంట రాశాను.